జడ్జిగారి భార్య వేసిన ఓటు

"ఒక్కటి... ఒక్కటంటే ఒక్కటే తగ్గిందమ్మా!"

ఫోనులో అవతలినుంచి కౌంటీ ఎన్నికల గుమాస్తా డోరిస్ అంది. నోరీన్ చేతుల నిండా పిండి. గురువారం వచ్చే కృతజ్ఞతల పండగకి 'పై' అనే గుమ్మడికాయ తీపి రొట్టె చేయడానికి పొద్దుటే మొదలుపెట్టింది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని అలాగే నిలబడిపోయింది.

"పోస్టులో ఆలస్యంగా వచ్చినవన్నీ కలిపేశాం. మూడుసార్లు లెక్కపెట్టాం. ఉంచాలన్నవాళ్ళు నాలుగువేల ఆరువందల నలభై తొమ్మిది. వద్దన్నవాళ్ళు మూడువేల నూరు. ఇటు నలభై తొమ్మిది కాకుండా యాభై ఉండుంటే జడ్జిగారు గట్టెక్కేసేవారు! నా నోటితో ఈ మాట చెప్పాల్సి వచ్చిందే తల్లీ..."

నోరీన్‌కి తర్వాతి మాటలేవీ వినపడలేదు. కిటికీ పక్క కుర్చీలోంచి అత్తగారు ఆడలీన్ "ఎవరే అమ్మాయ్? ఏమంటున్నారు?" అని రెండుసార్లు అరిచింది. నోరీన్ చేతిలో అప్పడాల కర్ర జారి నేలమీద దొర్లుకుంటూ పోయి పొయ్యి కింద ఆగింది. ఆమె దాన్ని తియ్యడానికి వంగలేదు. మూడువేల నూరు! ఆ నూరో ఓటు ఎవరిదో ఈ లోకంలో ఒక్కరికే తెలుసు. అది తనది!

అవును... కట్టుకున్న మొగుణ్ణి కుర్చీలోంచి దించమని ఓటు వేసింది నోరీన్. ఛీ, ఇదేం ఆడది అని మీరు ముక్కున వేలేసుకోకముందే జరిగిందంతా చెబుతాను. నేనూ ఆ ఊరిదాన్నే. ఆ రోజుల్లో నేను కూడా నోటికొచ్చినట్టు మాట్లాడినదాన్నే.

మా బెల్ ఫోర్క్‌లో జడ్జి పదవికి ఒకసారి గెలిచినవాడికి మళ్ళీ పోటీ అంటూ ఉండదు. ఆరేళ్ళకోసారి ఓటు కాగితం వెనకవైపు, అన్నిటికన్నా అడుగున, ఒకే ఒక్క ప్రశ్న అడుగుతారు. ఎల్డన్ స్టాలింగ్స్‌ని జడ్జిగా కొనసాగించాలా, వద్దా? అవును అంటే ఒక గుండ్రం నింపాలి, కాదంటే ఇంకో గుండ్రం నింపాలి. అయితే సగానికి పైగా వస్తే సరిపోదు, నూటికి అరవై రావాలి. అవతల మనిషి లేడు కాబట్టి ఓడిపోతాడన్న ఊహే ఎవరికీ రాదు. కోపం వచ్చినవాళ్ళు కసికొద్దీ వద్దని గీసి ఇంటికెళ్ళిపోతారు. ఒకటో రెండో వద్దులు పడితే కొంప మునుగుతుందా అనుకుంటారు. పద్దెనిమిదేళ్ళలో రెండుసార్లు ఆ ప్రశ్న అడిగారు, రెండుసార్లూ ఎల్డన్‌కి నూటికి డెబ్భైకి పైనే వచ్చాయి.

ఈసారి కోపానికి కారణం ఓపల్ అనే నాలుగేళ్ళ పిల్ల.

ఓపల్ తల్లి టెస్సా మత్తుమందులకి బానిసైతే, పద్దెనిమిది నెలల పసికందుని కోర్టు మార్లిస్ ఇంట్లో ఉంచింది. మార్లిస్ అంటే నోరీన్‌కి తోబుట్టువు లాంటిది. ఇద్దరూ ఇరవై ఏళ్ళుగా చర్చిలో పక్కపక్కన నిలబడి పాడుతున్నారు. పిల్లల్లేని మార్లిస్ ఆ బిడ్డని రెండున్నరేళ్ళు కంటికి రెప్పలా పెంచుకుంది. నోరీన్ ఎప్పుడు వెళ్ళినా అల్లం బిస్కెట్లు పట్టుకెళ్ళేది. పిల్ల "నోరీ, నోరీ" అంటూ గుమ్మం దాకా పరిగెత్తుకొచ్చేది. కేసు ఎల్డన్ దగ్గరికి వచ్చినప్పుడు అతను ముందే రెండు పక్షాలకీ చెప్పాడు, మా ఆవిడా మార్లిస్ స్నేహితులు, వేరే జడ్జి కావాలంటే చెప్పండి అని. అక్కర్లేదని టెస్సా సంతకం పెట్టింది. మార్లిస్ అయితే సంబరంగా సంతకం పెట్టింది. మన జడ్జే కదా అనుకుంది పిచ్చిది!

ఆగస్టు నెలలో ఎల్డన్ ఆ పిల్లని కన్నతల్లికి ఇచ్చేశాడు.

అంతే, ఊరు అట్టుడికినట్టు ఉడికిపోయింది. మార్లిస్ ఏడుస్తూ నాలుగిళ్ళకీ చెప్పుకుంది. ఆ నాలుగిళ్ళూ నలభై ఇళ్ళకి చెప్పాయి. నెల తిరిగేసరికి ప్రతి వీధిలో, గడ్డి మీద, "స్టాలింగ్స్ వద్దు" అనే అట్టముక్కలు లేచాయి. మత్తుమందులదానికి బంగారం లాంటి బిడ్డని ఇచ్చాడు, గుండె లేని మనిషి అన్నారు. నేనూ అన్నాను. ఎల్డన్ ఏమీ అనలేదు. పిల్లల కేసుల్లో తలుపులు మూసి విచారిస్తారు, లోపల విన్నది బయట అనకూడదు. పత్రికవాడు ఇంటికొచ్చి అడిగితే, "చలిగా ఉంది, కాఫీ తాగి వెళ్ళు బాబూ" అన్నాడు తప్ప ఒక్క ముక్క చెప్పలేదు.

బయటవాళ్ళకి చెప్పకపోతే పోనీ... కట్టుకున్నదానికైనా చెప్పాడా? లేదు! పద్దెనిమిదేళ్ళుగా నోరీన్ రాత్రి భోజనాల దగ్గర "ఏమైంది ఇవాళ?" అని అడుగుతూనే ఉంది. అతను "చెప్పకూడదు" అంటూనే ఉన్నాడు. మనిషి నెమ్మది. ఏ తీర్పూ ఆ రోజే ఇవ్వడు. తర్వాత చెబుతానని రిజర్వులో పెట్టి ఇంటికొచ్చి నాలుగు రోజులు మౌనంగా తిరుగుతాడు. "చారులో ఉప్పు సరిపోయిందా అంటే కూడా మా వాడు తీర్పు రిజర్వు చేస్తాడే!" అని ఆడలీన్ కొడుకుని వెక్కిరించేది. నోరీన్ నవ్వేది. కానీ ఆ మౌనంతో ఒక జీవితకాలం కాపురం చేసిన బాధ నవ్వేవాళ్ళకేం తెలుస్తుంది? తాను కొట్లోకి వెళ్తే మాటలు ఆగిపోతాయి. ఎవరినైనా ఇంటికి పిలవాలంటే, వాళ్ళ మీద కేసేమైనా ఉందేమో అని భయం. జడ్జిగారి భార్య అన్న పేరే గానీ, ఊళ్ళో ఆమెకి మిగిలిన ఒకే ఒక్క నేస్తం మార్లిస్.

ఆ మార్లిస్ ఎన్నికలకి ముందు ఆదివారం చర్చి వంటగదిలో నోరీన్ రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, నిన్నేదీ అడగలేదు నేను. ఇదొక్కటీ అడుగుతున్నా. నువ్వైనా నా పక్షాన ఉన్నావని నాకు తెలియాలి..."

"ఆయన నా మొగుడే మార్లిస్!"

"తెలుసక్కా. ఎలాగూ ఆయనే గెలుస్తాడు. నీ ఒక్క ఓటుతో ఆయనకి పోయేదేముంది? వద్దని గీయి, లేదంటే ఖాళీగా వదిలెయ్. ఓపల్ మంచం ఇంకా అలాగే ఉంచాను. దుప్పటి కూడా మార్చలేదు. వాసన పోతుందని..." అంటూ భోరుమంది.

నోరీన్ ఆమెని దగ్గరికి తీసుకుని తానూ ఏడ్చింది. ఆ రోజు ఇంటికెళ్ళి మొగుణ్ణి మళ్ళీ అడిగింది. "ఎందుకిలా చేశావ్ ఎల్డన్? నాకొక్కదానికి చెప్పు. నేనెవరితోనూ అనను."

"చెప్పకూడదు నోరీన్."

"నేను నీ పెళ్ళాన్ని!"

"అందుకే చెప్పకూడదు," అన్నాడతను, తల ఎత్తకుండా.

మంగళవారం ఇద్దరూ కలిసే వెళ్ళారు ఓటెయ్యడానికి. చర్చి కింది హాల్లో పోలింగు, పక్క గదిలో ఆడవాళ్ళు కోడి నూడుల్స్ వండి అమ్ముతున్నారు. ఎల్డన్ పక్క బల్ల దగ్గర నిలబడి నిమిషంలో ముగించేశాడు. నోరీన్ కాగితం తిప్పింది. అడుగున మొగుడి పేరు అచ్చులో కనిపించింది. కొనసాగించాలా?... ఆమెకి ఓపల్ మంచం గుర్తొచ్చింది. పద్దెనిమిదేళ్ళ "చెప్పకూడదు"లన్నీ గుర్తొచ్చాయి. వదిలేద్దామని కాగితం సగం మడిచింది. మళ్ళీ విప్పింది. ఒక్కసారి... ఒక్కసారైనా ఈ మనిషికి నా కోపం ఎక్కడో ఒకచోట నమోదు కావాలి అనుకుంది. వద్దు అన్న గుండ్రాన్ని నల్లగా, నిండుగా నింపింది. బయటికొచ్చాక ఎల్డన్ ఆమె కోటుకి ఓటేసినట్టు చూపే చిన్న కాగితం బిళ్ళ అంటించి, "నూడుల్స్ తిందామా?" అని అడిగాడు.

ఇప్పుడు డోరిస్ ఫోను పెట్టేసింది. ఆడలీన్ కుర్చీలోంచి లేవబోతోంది.

"ఏమైందే అమ్మాయ్? పోయిందా?"

"పోయింది అత్తయ్యా," అంది నోరీన్. "ఒక్క ఓటుతో..."

ఆ ముసలావిడ ఏడవలేదు. చేతికర్రతో నేలని ఒక్క పోటు పొడిచింది. "ఏ ముదనష్టపు వెధవదో ఆ ఓటు! వాడి చెయ్యి విరగ!" అంది. నోరీన్ పిండి చేతులతోనే మొహం కప్పుకుంది.

పండగ ఎలా గడిచిందో ఆ ముగ్గురికే తెలియాలి. ఎల్డన్ టర్కీ కోడిని ముక్కలు కోశాడు, ప్రార్థన చెప్పాడు, గుమ్మడికాయ పై బాగుందన్నాడు. మళ్ళీ లెక్కించమని అడగమని స్నేహితులు పోరారు. మూడుసార్లు లెక్కపెట్టిన డోరిస్‌ని నాలుగోసారి అవమానించలేనన్నాడు. నోరీన్ చెప్పేద్దామని రోజుకి పదిసార్లు అతని దగ్గరికి వెళ్ళేది. అతను తలెత్తి చూడగానే, "కాఫీ కావాలా?" అని అడిగి తిరిగొచ్చేసేది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం!

డిసెంబరు మొదటి సోమవారంతో పదవి ముగుస్తుంది. దానికి ముందు శుక్రవారం మధ్యాహ్నం, కోర్టు గదిలో సామాను సర్దడానికి నోరీన్ కూడా వెళ్ళింది. ఎల్డన్ తాళాలు అప్పగించడానికి కింది అంతస్తుకి వెళ్ళాడు. ఆమె పుస్తకాలు పెట్టెల్లో సర్దుతూ ఉంటే తలుపు దగ్గర ఎవరో దగ్గారు.

ఒక సన్నటి పిల్ల. పాతికేళ్ళుంటాయేమో. గుడ్ల ఫ్యాక్టరీ నీలం చొక్కా ఇంకా ఒంటిమీదే ఉంది. చెయ్యి పట్టుకుని పసుపు కోటులో ఓపల్!

"నోరీ!" అంది పిల్ల. అని, తల్లి కాళ్ళ వెనక్కి తప్పుకుని, మళ్ళీ తొంగి చూసి, "బిస్కెట్లు తెచ్చావా?" అని అడిగింది.

నోరీన్ పిల్లకి ఎదురుగా మోకాళ్ళ మీద కూచుంది. పిల్ల బొద్దుగా ఉంది. జుట్టు రెండు జడలు శుభ్రంగా అల్లి ఉంది. ఒక జడ కాస్త వంకరగా ఉంది, కొత్తగా నేర్చుకున్న చేతులతో అల్లినట్టు.

"జడ్జిగారికి ఇద్దామని వచ్చామమ్మా," అంది టెస్సా. పిల్ల చేతిలో ఒక రంగుల బొమ్మ కాగితం ఉంది. "నా వల్లే ఆయన కుర్చీ పోయిందని అందరూ అంటున్నారు. నిజమే కదా? ఏ మొహం పెట్టుకుని రావాలో తెలీలేదు. కానీ రాకపోతే మనిషిని కాదనిపించింది."

"నీ వల్ల కాదమ్మా," అంది నోరీన్. ఆ మాట ఎంత నిజమో ఆ పిల్లకేం తెలుసు!

"మీకు ఆయన అంతా చెప్పే ఉంటారుగా..."

"ఏమీ చెప్పలేదు. ఎప్పుడూ చెప్పడు."

టెస్సా ఆశ్చర్యంగా చూసింది. "మీక్కూడానా? ఆ తొమ్మిది సార్ల సంగతి?"

"ఏ తొమ్మిది సార్లు?"

టెస్సా పెదవి కొరుక్కుంది. పిల్లని కిటికీ దగ్గరికి పంపి, చిన్న గొంతుతో చెప్పింది. "నేను మత్తుమందు మానేసి పదహారు నెలలైందమ్మా. వారానికోసారి కౌంటీ ఆఫీసులో పాపని చూడ్డానికి రోజు ఇచ్చారు. నేను ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి, రెండు బస్సులు మారి వెళ్ళేదాన్ని. వరసగా తొమ్మిది సార్లు మార్లిస్ గారు పాపని తీసుకురాలేదు. ఒకసారి జ్వరమన్నారు, ఒకసారి కారు చెడిందన్నారు. నేనే రాలేదని రాసి పంపారు. ఆ ఆఫీసులో ఉండే పెద్దావిడ నిజం చెప్పబట్టి బయటపడింది. మార్లిస్ గారు కోర్టులో ఒప్పేసుకున్నారు... ఏడ్చేశారు పాపం."

నోరీన్ కిటికీ దగ్గరున్న పిల్ల వైపు చూసింది.

"మా లాయరు దీన్ని తీర్పులో రాయమన్నాడు, ఆవిణ్ణి శిక్షించమన్నాడు. జడ్జిగారు నన్నే అడిగారు, 'నీకేం కావాలమ్మా?' అని. నాకు పాప చాలు అన్నాను. అప్పుడాయన ఏమన్నారో తెలుసా? 'ఈవిడ చేసింది తప్పే. ప్రేమతో చేసిన తప్పు. ఈ ఊళ్ళో ఆవిడ బతకాలి. ఇది ఈ గది దాటకూడదు' అన్నారు. నేనివాళ నోరు జారాను. మీరెవరికీ చెప్పకండమ్మా. నాకావిడ మీద కోపం లేదు. నా బిడ్డకి అన్నం పెట్టింది. నేనైనా అలాగే చేసేదాన్నేమో..."

అయ్యో భగవంతుడా! ఆ ఒక్క మాట బయటపెడితే ఊరంతా మార్లిస్ మొహాన ఉమ్మేసేది. అట్టముక్కలన్నీ ఒక్క రోజులో మాయమయ్యేవి. ఎల్డన్ కుర్చీ నిక్షేపంగా ఉండేది. అతను మాత్రం ఆ ఆడదాని పరువు కాపాడి, తన పరువు తీయించుకుని, నోరు మూసుకుని కూచున్నాడు. ఆ ఆడది ఎవరు? తన భార్యకున్న ఒకే ఒక్క నేస్తం! నోరీన్‌కి ఏడుపు కూడా రాలేదు.

ఎల్డన్ వచ్చాడు. ఓపల్ బొమ్మ ఇచ్చింది. గోధుమరంగు పెద్ద ఇల్లు, దాని ముందు నల్ల గౌను వేసుకున్న మనిషి. మనిషికి చెవులు మరీ పెద్దవి. "చెవులు బాగా వేశావు, అవే నా ఉద్యోగం," అన్నాడతను.

తిరుగుదారిలో కారు వెనక సీటు నిండా పెట్టెలు. రైలు గేటు పడింది. ధాన్యం బండి, నూరు పెట్టెలకి తక్కువుండదు, మెల్లగా కదులుతోంది. అటూ ఇటూ పోవడానికి దారి లేదు. నోరీన్ ఎదురుగా చూస్తూ అంది.

"వద్దని వేశాను ఎల్డన్."

"ఏమిటి?"

"ఓటు. నీకు వద్దని వేశాను. ఆ ఒక్కటీ నాదే."

పెట్టెలు ఒకదాని తర్వాత ఒకటి వెళ్తూనే ఉన్నాయి. అతను స్టీరింగు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మార్లిస్ అడిగిందా?"

"అడిగింది. కానీ దాని కోసం వెయ్యలేదు. నా కోసం వేశాను. పద్దెనిమిదేళ్ళు నీ ఎదురుగా గోడలా కూచున్నందుకు వేశాను. నువ్వెలాగూ గెలుస్తావనుకున్నాను... ఖాళీగా వదిలినా నువ్వు గట్టెక్కేవాడివి! నన్ను తిట్టు ఎల్డన్, నీకు పుణ్యముంటుంది, ఒక్క మాటైనా అను!"

అతను కదిలే పెట్టెల వైపే చూస్తూ అన్నాడు, "నేను ఖాళీగా వదిలేశాను."

"ఏమిటి?"

"నా ఓటు. ఆ ప్రశ్న దగ్గర నేనెప్పుడూ ఏమీ నింపను. మూడుసార్లూ నింపలేదు. నాకు పని నేర్పిన ముసలి జడ్జిగారు చెప్పారు, ఎవడి కేసు వాడే తీర్చుకోకూడదు అని. ఆయనా వేసుకునేవాడు కాదు. నేనూ వేసుకోలేదు."

నోరీన్ అతనివైపు తిరిగి చూసింది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "ఒక్క గుండ్రం... నీ చేతిలో పెన్నుంది కదయ్యా!"

"ఉంది."

"నన్ను క్షమించు."

"మూడువేల నూరు మంది వద్దన్నారు," అన్నాడతను మెల్లగా. "ఆ మూడువేల నూరు మంది మొహాలూ నాకు తెలియకుండా ఉంటే బాగుండేది. ఇప్పుడొకటి తెలిసింది." బండి చివరి పెట్టె దాటిపోయింది. గేటు లేచింది. అతను కారు కదపలేదు. వెనక లారీవాడు హారన్ కొట్టాడు. "ఇప్పుడేమీ అనలేను నోరీన్. తీర్పు రిజర్వు చేశాను."

ఆ మాటకి ఇదివరకైతే ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

ఆ తర్వాత పది రోజులు ఆ ఇల్లు ఇల్లులా లేదు. అతను తిట్టలేదు, కొట్టలేదు, విసుక్కోలేదు. పొద్దున్నే లేచి తల్లికి గంజి కాచి ఇచ్చి, పాత పికప్పు బండి వేసుకుని వెళ్ళిపోయేవాడు. మధ్యాహ్నం భోజనం హైవే పక్క హోటల్లో. రాత్రి భోజనం ఆకలి లేదని మానేసేవాడు. బల్ల దగ్గర అతని కుర్చీ ఖాళీగా ఉండేది. ఆడలీన్‌కి అంతా నోరీనే చెప్పేసింది. తిట్లు తింటే కాస్త తేలికపడుతుందేమోనని చెప్పింది. చెయ్యి విరగ అని తిట్టింది కోడలినేనని తెలిసి ఆ ముసలావిడ చేతికర్ర పక్కన పెట్టేసింది.

"బాగుందే మీ సంబడం!" అంది. "ఒకడు పౌరుషానికి పోయి వెయ్యడు, ఒకతె రోషానికి పోయి వద్దంటుంది! ఎనభయ్యారేళ్ళ ముసలిదాన్ని, భూతద్దం పెట్టుకుని, వణికే చేత్తో అరగంట కూచుని ఆ గుండ్రం నింపి పోస్టులో వేశానే! ఈ ఇంట్లో వాడికి ఓటేసింది నేనొక్కదాన్నే!" అని, కాసేపాగి, కోడలి తల మీద చెయ్యి వేసింది. "ఏడవకు. వాడి తండ్రీ అంతే. మాట్లాడని మగాడితో కాపురం చేస్తే ఆడదాని కోపం ఏదో ఒక కన్నంలోంచి బయటికొస్తుంది. నేనైతే పింగాణీ పళ్ళేలు పగలగొట్టేదాన్ని. చవగ్గా పోయేది."

పదకొండో రోజు ఉప్పూ పప్పూ కొనడానికి నోరీన్ బజారుకి వెళ్ళింది. కొట్లో డబ్బాల వరస దగ్గర మార్లిస్ ఎదురైంది. పరిగెత్తుకొచ్చి కావలించుకుంది.

"అక్కా! ఎన్ని రోజులైంది నిన్ను చూసి! పాటలకీ రావడం లేదు... నాకు తెలుసక్కా, నాకోసం నువ్వెంత పని చేశావో. ఒక్క ఓటు! దేవుడే లెక్క చూశాడనిపించింది. అది నీదే కదూ?"

నోరీన్ మెల్లగా ఆమె చేతులు విడిపించుకుంది. చుట్టూ నలుగురు ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని ఆగారు. అందులో నేనూ ఉన్నాను.

"ఆయన్ని చూస్తే జాలేస్తుంది, అబద్ధమెందుకు," అంది మార్లిస్ కళ్ళు తుడుచుకుంటూ. గొంతు పెరిగింది. "కానీ నేనేం పాపం చేశానని నా బిడ్డని లాక్కున్నాడు? నువ్వే చెప్పక్కా. వీళ్ళందరి ముందూ చెప్పు. నేను చేసిన తప్పేమిటి? ఒక్క తప్పు... ఒక్కటి చెప్పు!"

మార్లిస్ కళ్ళల్లోకి చూసింది నోరీన్. ఆ కళ్ళల్లో భయం ఉంది. ఆ తొమ్మిది సార్ల సంగతి నోరీన్‌కి తెలుసేమో అన్న భయం. ఎక్కడైనా బయటపడుతుందేమోనని, రోజూ తానే గట్టిగా అరుచుకుంటున్న భయం. నోరీన్ నాలుక చివర తొమ్మిది సార్లూ సిద్ధంగా ఉన్నాయి. నోరు తెరిస్తే చాలు, సాయంత్రానికి ఊరంతా స్టాలింగ్స్ ఇంటి ముందుకొచ్చి క్షమించమనేది. మొగుడి పరువు తిరిగొచ్చేది. తన పాపం సగమైనా కడుక్కుపోయేది. మా నలుగురి చెవులూ అటే ఉన్నాయి.

"ఏమీ లేదు మార్లిస్," అంది. "నువ్వా పిల్లని ప్రేమించావు. అంతే." మార్లిస్ భుజం నిమిరి, బుట్టలో ఉన్నవి అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. మార్లిస్ అక్కడే డబ్బాలకి ఆనుకుని చాలాసేపు నిలబడిపోయింది. ఎన్నో ఏళ్ళ తర్వాత, చావుమంచం మీద మార్లిసే నన్ను పిలిచి ఆ తొమ్మిది సార్ల సంగతి చెప్పుకునేదాకా, ఆ రోజు నోరీన్ ఏం మింగిందో మాకెవరికీ తెలియదు.

నోరీన్ ఇంటికొచ్చి అలవాటుగా మూడు పళ్ళేలు పెట్టింది. చిక్కుడు గింజల చారు, మొక్కజొన్న రొట్టె. ఆడలీన్ వచ్చి కూచుంది. పెరటి తలుపు చప్పుడైంది. ఎల్డన్ టోపీ తీసి మేకుకి తగిలించి, కాసేపు నిలబడి, వచ్చి తన కుర్చీలో కూచున్నాడు. నోరీన్ చారు వడ్డిస్తూ ఉంటే గరిటె గిన్నె అంచుకి టకటకా కొట్టుకుంది. అతను ఆ చేతిని చూశాడు. మొహాన్ని చూశాడు.

"ఏమైంది నోరీన్ ఇవాళ?"

పద్దెనిమిదేళ్ళుగా తాను అడిగిన ప్రశ్న అది. నోరీన్ కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. అయినా గొంతు స్థిరంగానే వచ్చింది.

"చెప్పకూడదు," అంది.

ఎక్కడికెళ్ళిందీ, ఎవరు కనపడిందీ, ఏది తెలిసి కూడా మింగిందీ అతను అడగలేదు. అడగకుండానే మెల్లమెల్లగా అతని మొహంలో ఏదో వదులైంది. జేబురుమాలు తీసి ముక్కు చీదుకున్నాడు.

ఆడలీన్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏమర్రా, చారు చల్లారిపోతోంది. ఇంతకీ ఆ రిజర్వులో పెట్టిన తీర్పు వస్తుందా, నేను పోయాక వస్తుందా?"

"వచ్చిందమ్మా," అన్నాడు ఎల్డన్, రొట్టె పళ్ళెం నోరీన్ వైపు జరుపుతూ.